ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: ఆలోచనను గీసి చూపించే తరగతి గది

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న గజపతి జిల్లా కాశీనగర్ నుంచి రాయగడ జిల్లా గుణుపురం వరకు వంశధార ఒడ్డున ఉన్న ఊళ్లలో ఐదో తరగతి పిల్లను "మీ ఊరికి వరద ఎలా వస్తుందమ్మా?" అని తెలుగులో అడిగితే ఆగకుండా చెబుతుంది. పైన కొండల్లో వాన పడితే గెడ్డలు పొంగుతాయని, ఆ నీళ్లన్నీ ఏట్లోకి దిగుతాయని, ముందుగా పల్లపు పొలాలు మునుగుతాయని వరసపెట్టి చెబుతుంది. అదే ప్రశ్న ఒడియాలో పరీక్ష కాగితం మీదకు వస్తే రెండు ముక్కలు రాసి ఆగిపోతుంది. కాగితం దిద్దే టీచర్‌కు కనిపించేది ఆ రెండు ముక్కలే. ఆ పిల్లకు వరద గురించి తెలియదా, వరద గురించి ఒడియాలో వాక్యం కట్టడం రాదా అన్నది మార్కుల్లో తేలదు. తెలిసిన పిల్లకూ తెలియని పిల్లకూ ఒకే సున్నా పడుతుంది.

సరిహద్దు బడుల్లో చదువు వెనకబడటానికి చెప్పే కారణాల్లో ఇది చాలా తక్కువగా వినిపించే కారణం. గ్రాఫిక్ ఆర్గనైజర్లు అని టీచర్ల శిక్షణల్లో పిలిచే ఆలోచన పటాలు ఇక్కడ పనికొచ్చేది ముఖ్యంగా ఈ చోటే. పిల్ల మనసులో విషయాలు ఎలా కలిసి ఉన్నాయో, వాక్యం దాకా పోకముందే బయటికి చూపించే వీలు అవి ఇస్తాయి. పాఠం అందంగా కనిపించడం, పిల్లలు హుషారుగా ఉండటం వంటి లాభాలు చాలామంది చెబుతారు. అవి ఉన్నా లేకపోయినా ఈ ఒక్క పని చాలు, వీటిని శ్రద్ధగా పట్టించుకోవడానికి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం, కొరాపుట్ ప్రాంతాల్లో చాలా భాగం అటు వెళ్లింది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం పట్టణాల్లో, వాటి చుట్టూ ఉన్న పల్లెల్లో తెలుగు కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. వాళ్ల పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులో రెండూ, బడిలో ఒడియా. కొండ దగ్గరి బడుల్లో అదే బెంచీ మీద సవర పిల్లలు, కుయి, కువి మాట్లాడే పిల్లలు కూడా కూర్చుంటారు. గిరిజన భాషల కోసం ఒడిశా ప్రభుత్వం 2007లో 10 భాషలతో బహుభాషా విద్య మొదలుపెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంది. కానీ ఒకే గదిలో మూడు ఇంటి భాషలుండి, ఇద్దరు టీచర్లు ఐదు తరగతులను చూసుకునే చోట ఏ భాష ఎంచుకున్నా కొందరు పిల్లలు బయటే ఉండిపోతారు. అక్కడ టీచర్‌కు కావలసింది, ఏ భాషలో ఆలోచించిన పిల్లయినా తన ఆలోచనను పెట్టగలిగే చోటు.

ఈ తపన ఈ నేలకు కొత్త కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బళ్లు పెట్టించారు. పిల్లకు వచ్చిన మాటతో చదువు మొదలవ్వాలన్న ఆయన పట్టుదల తెలుగువాళ్లకు వ్యావహారిక భాషోద్యమంగానే ఎక్కువ గుర్తుంది. ఆ పట్టుదల ఇదే కొండల కింద, సవర పిల్లల మధ్య కూడా నడిచిందని ఇక్కడి టీచర్లు గుర్తు చేసుకోవడం మంచిది.

ఇవి ఎక్కడివి, ఎలా పనిచేస్తాయి

ఇవి ఒకరు ఒక్కసారిగా కనిపెట్టినవి కావు. రెండు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి కలిసేలా గీసే పటం 1880లో జాన్ వెన్ తర్కశాస్త్రం కోసం ఇచ్చినది. కొత్త పాఠానికి ముందు పిల్లలకు తెలిసిన విషయాలతో ఒక చట్రం కట్టాలని డేవిడ్ ఆసుబెల్ 1960లో ప్రతిపాదించారు. ఆయన ఆలోచన మీద ఆధారపడి అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం 1972లో, పదాలను గుండ్రాల్లో రాసి వాటిని బాణాలతో కలిపే కాన్సెప్ట్ మ్యాప్‌ను రూపొందించింది. అప్పుడు వాళ్లు చేస్తున్న పని, చిన్నపిల్లల సైన్సు అవగాహన ఏళ్ల తరబడి ఎలా మారుతుందో గమనించడం. ఇంటర్వ్యూల్లో పిల్లలు చెప్పిన మాటల గుట్టలోంచి, ఎవరికి ఏం అర్థమైందో ఒక్క చూపులో తెలుసుకునే మార్గం కోసం వెతుకుతూ ఈ పటం దగ్గరికి వచ్చారు. అంటే కాన్సెప్ట్ మ్యాప్ మొదట పుట్టింది పాఠం చెప్పడానికి కాదు, పిల్ల మనసులో ఏముందో చూడటానికి. సరిహద్దు బడికి కావలసిందీ అదే.

పటం ఎందుకు సాయపడుతుందన్న దానికి గట్టి వివరణలున్నాయి. జిల్ లార్కిన్, హెర్బర్ట్ సైమన్ 1987లో రాసిన వ్యాసంలో చూపించినది ఇది: వాక్యాల్లో ఒకదానితో ఒకటి సంబంధమున్న సమాచారం అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉంటుంది. పటంలో సంబంధమున్నవి పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వెతుకులాట తగ్గుతుంది. ఆ మరుసటి ఏడాది జాన్ స్వెల్లర్, మనసు ఒకేసారి మోయగలిగిన బరువుకు హద్దు ఉందన్న విషయాన్ని బోధనకు అన్వయించారు. ఒడియా పాఠం చదువుతున్న తెలుగు పిల్లకు ఆ బరువులో పెద్ద వాటా భాషకే పోతుంది. పదం పోల్చుకోవడం, విభక్తి గుర్తుపట్టడం, వాక్యం ఎక్కడ ఆగిందో చూసుకోవడం, వీటికే శక్తి అయిపోతే విషయం మీద ఆలోచించడానికి మిగిలేది కొంచెమే. ఆ కొంచెం వెతుకులాటకు పోకుండా పటం కాపాడుతుంది.

ఇక్కడ జిమ్ కమిన్స్ 1979లో చెప్పిన మాట కూడా కలుస్తుంది. ఒక భాషలో అర్థమైన విషయం రెండో భాషకు వచ్చినప్పుడు మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు, దానికి కొత్త పేర్లు నేర్చుకుంటే చాలు. తెలుగులో వరద అర్థమైన పిల్లకు ఒడియాలో వరద నేర్పడమంటే, ఉన్న ఆలోచనకు ఒడియా మాటలు అతికించడమే. అతికించడానికి ఆ ఆలోచన ఎక్కడో ఒకచోట కనబడేలా ఉండాలి కదా.

ఒక అపోహను కూడా ఇక్కడే తీసేయాలి. "కొందరు పిల్లలు చూసి నేర్చుకునే రకం, కొందరు విని నేర్చుకునే రకం, బొమ్మలు మొదటి రకం వాళ్లకే" అనే మాట శిక్షణా తరగతుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు 2008లో ఈ వాదన వెనక ఉన్న పరిశోధనలను పరిశీలించి, పిల్లలను అలా విడదీసి బోధిస్తే లాభముందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. మాటనూ బొమ్మనూ మనసు రెండు దారుల్లో అందుకుంటుందని, రెండూ కలిస్తే జ్ఞాపకం బలపడుతుందని అలన్ పైవియో 1971లో చెప్పినది పిల్లలందరికీ వర్తించే మాట. పటం వెనకబడ్డ పిల్లల కోసం పెట్టిన రాయితీ అనుకుంటే దాని గౌరవం తగ్గిపోతుంది, దాన్ని గీసే పిల్ల గౌరవమూ తగ్గుతుంది.

బాణం మీద రాసే మాట

కాన్సెప్ట్ మ్యాప్‌లో అసలు సంగతి గుండ్రాల్లో రాసిన పదాల్లో ఉండదు, వాటిని కలిపే బాణం మీద రాసే మాటలో ఉంటుంది. "అడవి" అని ఒక గుండ్రం, "వాన నీరు" అని ఇంకో గుండ్రం గీసి మధ్యలో ఉత్త గీత గీస్తే దాన్ని సరైనదనీ చెప్పలేం, తప్పనీ చెప్పలేం. గీత మీద "ఆపుతుంది" అని రాశాక అది ఒక వాదన అవుతుంది. దాని మీద మాట్లాడవచ్చు, ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. నోవాక్ పట్టుబట్టింది ఈ కలిపే మాట కోసమే. మధ్యలో ఒక పదం రాసి చుట్టూ రంగురంగుల కొమ్మలు వేసే మైండ్ మ్యాప్‌లో ఈ మాట ఉండనవసరం లేదు. గుర్తుకొచ్చినవన్నీ ఒకచోట పోగేయడానికి అది బాగుంటుంది. అర్థమైందా లేదా అన్నది తెలుసుకోవడానికి చాలదు.

ఈ బాణం మాట దగ్గర మన భాషలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, దాని గురించి టీచర్లకు ఎవరూ చెప్పరు. కాన్సెప్ట్ మ్యాప్ ఇంగ్లిష్ వాక్యానికి తగ్గట్టుగా పుట్టింది. ఆ భాషలో కర్త, క్రియ, కర్మ వరసగా వస్తాయి కాబట్టి గుండ్రం, బాణం, గుండ్రం వరసలో చదివితే వాక్యం పూర్తవుతుంది. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. "అడవి, ఆపుతుంది, వాన నీరు" అని చదివితే పిల్ల నోట్లో వాక్యం రాదు. పైగా "ని", "వల్ల", "లోకి" లాంటి విభక్తులు మన భాషలో నామవాచకానికి అంటుకుంటాయి, పటంలో వాటికి చోటు లేదు. అందుకే చాలా బడుల్లో పిల్లలు బాణం మీద ఏమీ రాయకుండా వదిలేస్తారు. టీచర్లు అది పిల్లల బద్ధకం అనుకుంటారు.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. ముందు రెండు గుండ్రాలు చదవాలి, ఆ తర్వాత బాణం చదవాలి అని మొదటి రోజే నేర్పాలి. విభక్తిని బాణం మీదే క్రియతో కలిపి రాయించాలి: "ని ఆపుతుంది", "లోకి చేరుతుంది", "వల్ల వస్తుంది". అప్పుడు "అడవి, వాన నీరు, ని ఆపుతుంది" అని చదివిన పిల్ల మరుక్షణం తనంతట తానే "అడవి వాన నీటిని ఆపుతుంది" అంటుంది. ఇందులో ఇంకో మేలు ఉంది. ఒడియాలోనూ క్రియ చివరికే వస్తుంది. కుయి, కువి, సవర భాషల్లోనూ అంతే. కాబట్టి ఒకే చదివే పద్ధతి గదిలో ఉన్న పిల్లలందరికీ సరిపోతుంది. బాణం మీద తెలుగు క్రియ తీసి ఒడియా క్రియ పెడితే వాక్యం నిర్మాణం మారదు.

ప్రాథమిక తరగతుల పాఠాల్లో తరచూ వచ్చే సంబంధాలు నిజానికి కొన్నే. ఒకటి ఇంకొకదానిలో భాగం కావడం, ఒకటి ఇంకొకదానిగా మారడం, ఒకదాని వల్ల ఇంకొకటి జరగడం, ఒకదాని మీద ఇంకొకటి ఆధారపడటం, ఒకటి ఇంకొకదానికన్నా ఎక్కువ కావడం, ఒకటి ఇంకొకదాని రకం కావడం. వీటికి సరిపడే పదీ పన్నెండు క్రియలను గదిలో ఉన్న అన్ని భాషల్లోనూ ఒక చార్టు మీద రాసి గోడకు అంటిస్తే, తెలుగు రాని ఒడియా టీచర్ కూడా పిల్ల గీసిన పటాన్ని చాలా వరకు చదవగలరు. ఏ చార్టూ గోడ మీద ఇంతకంటే ఎక్కువ పని చేయదు.

లిపి సంగతి కూడా చూసుకోవాలి. ఒడియా మాధ్యమంలో చదివే తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. వాళ్ల కోసమని పటంలో తెలుగు లిపిలో పేర్లు రాస్తే ఆ పేర్లు వాళ్లకు ఇంకో అడ్డంకి అవుతాయి. తెలుగు మాటనే ఒడియా అక్షరాల్లో రాయనివ్వాలి. ఆ మాట చూసి ఇంట్లో పెద్దలు బాధపడవచ్చు, తెలుగు అక్షరం పిల్లకు అందాలన్న వాళ్ల కోరిక న్యాయమైనది. అది తెలుగు పాఠంలో తీరాలి. సైన్సు పాఠంలో లిపి దగ్గర పంతం పట్టకూడదు.

వంశధార, నాగావళి

పోలిక నేర్పడానికి ఈ జిల్లాల్లో వంశధార, నాగావళికి మించిన ఉదాహరణ దొరకదు. రెండూ కలహండి వైపు తూర్పు కనుమల్లో పుట్టి, రాయగడ జిల్లా మీదుగా దిగి, ఉత్తరాంధ్రలోకి వచ్చి, శ్రీకాకుళం జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తాయి. వంశధార గుణుపురం పక్కనుంచి పారి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాగావళి రాయగడ పట్టణం మీదుగా వచ్చి, శ్రీకాకుళం పట్టణం దాటి కల్లేపల్లి దగ్గర కలుస్తుంది. మొదటిదాని మీద గొట్టా బ్యారేజీ, రెండోదాని మీద తోటపల్లి బ్యారేజీ. పిల్లలకు వీటిలో సగం తెలిసినవే, మిగతా సగం పుస్తకంలో దొరుకుతాయి.

అలవాటు ప్రకారం టీచర్లు ఇక్కడ వెన్ పటం గీయిస్తారు. ఎడమ గుండ్రంలో వంశధారకే ఉన్నవి, కుడి గుండ్రంలో నాగావళికే ఉన్నవి, మధ్యలో రెండింటికీ ఉన్నవి. మధ్య భాగం బాగానే వస్తుంది, చిక్కంతా పక్కల్లోనే. ఒక వైపు "కళింగపట్నం దగ్గర కలుస్తుంది" అని, ఇంకో వైపు "రాయగడ పక్కన పారుతుంది" అని రాస్తారు. రెండూ నిజమే, కానీ అది పోలిక కాదు. ఒకదాని ముగింపునూ ఇంకొకదాని నడకనూ పక్కపక్కన పెట్టడమే అది. దేని విషయంలో పోలుస్తున్నామో ఆ గుండ్రాల్లో ఎక్కడా కనిపించదు.

దీనికి మూడు నిలువు గళ్ల పట్టిక ఎంతో మెరుగు. మధ్య గడిలో ముందుగా "ఎక్కడ పుడుతుంది", "ఏ పట్టణం పక్కన పారుతుంది", "ఏ బ్యారేజీ ఉంది", "ఎక్కడ సముద్రంలో కలుస్తుంది" అని రాసుకోవాలి. ఆ తర్వాతే అటూ ఇటూ నింపాలి. మధ్య గడిని పిల్లలతోనే రాయించడం ముఖ్యం. దేన్ని దేనితో పోల్చాలో నిర్ణయించుకోవడమే ఇందులో కష్టమైన ఆలోచన, దాన్ని టీచరే ముందుగా అచ్చు వేసి ఇస్తే పిల్లలకు మిగిలేది ఖాళీలు నింపే పని మాత్రమే. పై తరగతుల్లో ఇదే పట్టికకు "నీటి పంపకం" అని ఇంకో వరస చేర్చవచ్చు. వంశధార నీటి మీద రెండు రాష్ట్రాల వివాదానికి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి, 2017లో తీర్పు ఇచ్చిందన్న సంగతి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు అందని విషయమేమీ కాదు.

కాలరేఖ గురించి కూడా ఒక మాట. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు రావడం, 1931లో అది గుణుపురం దాకా పెరగడం, 1936లో ఒడిశా ఏర్పడటం, 1992లో గజపతి, రాయగడ జిల్లాలు పుట్టడం, 2011లో గుణుపురానికి బ్రాడ్‌గేజ్ చేరడం: ఈ అయిదు సంఘటనలను గీత మీద పెట్టమంటే పిల్లలు సమాన దూరాల్లో అయిదు చుక్కలు పెడతారు. 1931కీ 1936కీ మధ్య అయిదేళ్లే, 1936కీ 1992కీ మధ్య 56 ఏళ్లు. పదేళ్లకు ఒక జానెడు చొప్పున వరండాలో తాడు పరిచి ముడులు వేయిస్తే ఈ తేడా పిల్లలు నడిచి తెలుసుకుంటారు. సమాన చుక్కల కాలరేఖ మాత్రం వరస నేర్పుతుంది, కాలాన్ని తప్పుగా నేర్పుతుంది.

తిత్లీ తుపాను: ఒక బాణం చాలదు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. గజపతి జిల్లా కొండల్లో కుండపోత కురిసింది, కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, గెడ్డలు, నదులు ఊళ్ల మీదికి వచ్చాయి. కారణాలు, ఫలితాల పటం నేర్పడానికి ఇది దగ్గరి సంఘటన. బాధ మిగిలి ఉన్న ఇళ్ల పిల్లలుంటే జాగ్రత్తగా ఎత్తుకోవాల్సిన సంఘటన కూడా.

పిల్లలు మొదట గీసేది ఒకే వరస: తుపాను వచ్చింది, వాన పడింది, వరద వచ్చింది, ఇల్లు కూలింది. కథగా అది సరైనదే. కానీ అదే తుపానుకు తీరంలో చెట్లు ఎందుకు కూలాయి, కొండల్లో చరియలు ఎందుకు విరిగాయి అని అడిగితే ఆ వరస సరిపోదు. అప్పుడు ఒక కారణం నుంచి రెండు బాణాలు బయలుదేరాలి, గాలి ఒక దారి, వాన ఒక దారి. ఒక ఫలితానికి రెండు మూడు బాణాలు వచ్చి చేరాలి. చరియ విరగడానికి వాన ఒకటే చాలదు. నిటారైన వాలు కావాలి, నీరు తాగి వదులైన మట్టి కావాలి, ఆ మట్టిని పట్టి ఉంచే వేళ్లు తక్కువగా ఉండాలి. "మన ఊరి కొండకు ఇవన్నీ ఉన్నాయా?" అన్న ప్రశ్న దగ్గర పటం పుస్తకం దాటి బయటికి వస్తుంది. వాలు మీద చెట్లు ఎక్కడ పలచబడ్డాయో పిల్లలకు టీచర్‌కంటే బాగా తెలుసు. ఆ గుండ్రాన్ని వాళ్లే చేరుస్తారు.

జపాన్‌లో ఇషికావా అనే నిపుణుడు ఫ్యాక్టరీల నాణ్యత కోసం వాడిన, ఫలితాన్ని చేప తలగా, కారణాలను ముళ్లుగా గీసే చేప ముల్లు పటాన్ని కూడా ఇలాంటి పాఠాలకు వాడమంటారు. పెద్ద తరగతులకు ఫరవాలేదు. చిన్న తరగతుల్లో దానికి ఒక లోపముంది: ముళ్లన్నీ తలలోకే వెళ్తాయి, ఒక కారణం ఇంకో కారణాన్ని పుట్టించిందని చూపడం కష్టం. సాదా గుండ్రాలు, బాణాలే మేలు.

భావనల పాఠాలకు 1969లో డొరోతీ ఫ్రేయర్ బృందం ఇచ్చిన నాలుగు గళ్ల పటం చాలా పనికొస్తుంది: అంటే ఏమిటి, లక్షణాలేంటి, ఉదాహరణలు, ఉదాహరణలు కానివి. "చిరుధాన్యం" అని మధ్యలో రాస్తే చోళ్లు, సామలు, కొర్రలు, గంటెలు, జొన్నలు వెంటనే వచ్చేస్తాయి, సంతలో రోజూ చూసేవే కదా. నాలుగో గడే అసలు పరీక్ష. వరి, కందులు రాస్తారు, తేలికే. మొక్కజొన్న దగ్గర గది రెండుగా చీలుతుంది. పేరులో జొన్న ఉంది, గింజ పెద్దది, చిరుధాన్యాల లెక్కలోకి రాదు. అక్కడ జరిగే వాదనలో పిల్లలు లక్షణాల గడిని వాళ్లంతట వాళ్లే సవరించుకుంటారు.

తెలిసింది, తెలుసుకోవాలనుకుంటున్నది, తెలుసుకున్నది అనే మూడు గళ్ల పట్టికను డోనా ఓగుల్ 1986లో ఇచ్చారు. ఇది చాలా బడులకు చేరింది. మొదటి గడిని ఇంటి భాషలో నోటితో చెప్పించి టీచర్ రాయాలి, అందులోని తప్పులను అప్పుడే చెరిపేయకూడదు. పాఠం చివర పిల్లలే వెనక్కి వెళ్లి వాటిని కొట్టేయాలి.

పుస్తకం మూసి గీయాలి

ఈ పటాల ఫలితాల మీద పరిశోధన తక్కువేమీ లేదు. నెస్బిట్, అడెసోప్ 2006లో 55 అధ్యయనాలను కలిపి చూసి, కాన్సెప్ట్ మ్యాప్‌లు వాడిన పిల్లలు పాఠం చదవడం, ఉపన్యాసం వినడం మాత్రమే చేసినవాళ్లకంటే ఎక్కువ గుర్తుంచుకున్నారని చూపించారు. కానీ 2011లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కార్పికీ, బ్లంట్ చేసిన ప్రయోగం ఒక హెచ్చరిక ఇచ్చింది. పాఠం ముందు పెట్టుకుని మ్యాప్ గీసిన విద్యార్థులకంటే, పాఠం పక్కన పెట్టి గుర్తున్నది రాసిన విద్యార్థులు వారం తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా చేశారు. 2014లో అదే పరిశోధకులు మ్యాప్‌నే జ్ఞాపకం నుంచి గీయించి చూశారు. అప్పుడు మ్యాప్ కూడా పేరాలు రాయడంతో సమానంగా పనిచేసింది.

దీన్నుంచి తరగతి గదికి వచ్చే పాఠం సూటిగా ఉంది. పుస్తకం చూసి గీసిన పటం చాలాసార్లు నకలు పని. పుస్తకం మూసి గీయించి, ఆ తర్వాత తెరిచి, మర్చిపోయినవి వేరే రంగుతో చేర్పించాలి. ఆ రెండో రంగు పిల్లకూ టీచర్‌కూ ఏది రాలేదో చూపిస్తుంది. అచ్చు వేసి ఇచ్చే ఖాళీ పటాలు, టీచర్ గీసి పిల్లలు దించుకునే పటాలు చూడముచ్చటగా ఉంటాయి కానీ వాటిలో ఈ పని జరగదు. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే గోడల నిండా చార్టులు వేలాడదీసే అలవాటు మానడం కష్టమే, దాని వెనక టీచర్ల టెన్షన్ నిజమైనది. అయినా పిల్ల చేతితో వంకరగా గీసి, కొట్టేసి, మళ్లీ రాసిన పటానికే విలువ ఎక్కువ. గోడ మీద చోటు కూడా దానికే ఇవ్వాలి.

గుంపుగా గీయించేటప్పుడు ఒడియా బాగా వచ్చిన పిల్ల చేతికే పెన్ను వెళ్తుంది, మిగతా నలుగురు చూస్తూ కూర్చుంటారు. పదాలను చిన్న చీటీల మీద రాసి ఒక్కొక్కరికి రెండేసి ఇచ్చి, తన చీటీని ఎక్కడ పెట్టాలో, ఎందుకో వాళ్లే చెప్పేలా చేస్తే ఇది తగ్గుతుంది. ఖర్చు కూడా పెద్దగా లేదు. పాత కాగితం చీటీలు, సుద్దముక్క, సిమెంటు నేల ఉంటే చాలు. గోడ కింది భాగానికి పిల్లల ఎత్తులో నల్లరంగు వేయించుకోగలిగితే ఇంకా మంచిది.

గజపతి, రాయగడ జిల్లాల సవర ఇళ్ల గోడల మీద ఎర్రమట్టి పూతపై తెల్లటి పిండితో వేసే ఇడితాల్ చిత్రాలను చూసి, వాటినే పటాలుగా వాడుకుందామని ఉత్సాహపడేవారున్నారు. అవి పూజకు సంబంధించినవి, ఆ ఇంటివాళ్లకు పవిత్రమైనవి. వాటి అంచులను వర్క్‌షీటు అలంకారానికి తెచ్చుకోవడం తగదు. గోడ మీది బొమ్మల్లో సంబంధాలు చదవడం తెలిసిన ఇంటినుంచి ఆ పిల్ల వస్తోందని టీచర్ గుర్తిస్తే చాలు.

పటం నుంచి వాక్యానికి

చివరికి పరీక్ష అడిగేది ఒడియా వాక్యమే. ఈ నిజాన్ని పక్కనపెట్టి పటాల దగ్గరే ఆగిపోతే పిల్లకు అన్యాయం జరుగుతుంది. రెండేళ్లపాటు చక్కటి పటాలు గీసి, ఆరో తరగతిలో అయిదు వాక్యాల జవాబు రాయలేకపోయిన పిల్లను ఎవరు ఆదుకుంటారు? కాబట్టి ప్రతి పటం వెంట వాక్యం రావాలి. మొదట పిల్ల తన పటంలో ఒక బాణాన్ని ఎంచుకుని ఇంటి భాషలో చెబుతుంది. తోటి పిల్ల గానీ టీచర్ గానీ దాన్ని ఒడియాలో అంటారు, పిల్ల ఆ వాక్యాన్ని తన నోటితో తిరిగి చెప్పి రాస్తుంది. కొన్ని వారాల తర్వాత రెండు బాణాలను కలిపి "కాబట్టి", "అయినా", "అందువల్ల"లకు సమానమైన ఒడియా మాటలతో పెద్ద వాక్యం. ఆ తర్వాత పటం మొత్తాన్ని పేరాగా మార్చడం, ఏ బాణంతో మొదలుపెట్టాలో పిల్లే నిర్ణయించుకోవడం. పై తరగతికి వచ్చేసరికి పటం కాగితం అంచున వేసుకునే చిన్న గీతల స్థాయికి తగ్గిపోవాలి. అలా తగ్గకపోతే ఎక్కడో వాక్యం పని జరగలేదని అర్థం.

దిద్దడంలో కూడా రెండింటినీ విడదీయాలి. పటంలోని సంబంధాలు సరైనవా అన్నదానికి వేరుగా, వాక్యంలోని ఒడియా సరిగ్గా ఉందా అన్నదానికి వేరుగా గుర్తు పెట్టాలి. సంబంధాలు సరిగ్గా ఉండి వాక్యం తప్పిన పిల్లకు భాషలో సాయం కావాలి. వాక్యం చక్కగా ఉండి సంబంధం తప్పిన పిల్ల పాఠం బట్టీ పట్టి ఉండవచ్చు, ఆమెకు పాఠం మళ్లీ చెప్పాలి. ఇద్దరికీ ఒకే మార్కు వేసి ఒకే రెమెడియల్ క్లాసులో కూర్చోబెట్టడం వల్ల ఇద్దరూ నష్టపోతున్నారు.

తల్లిదండ్రుల సంగతి కూడా ఇందులో ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే పాఠశాల నిర్వహణ కమిటీలో తల్లిదండ్రులే ఎక్కువమంది ఉండాలి. ఒడియా చదవడం రాని తెలుగు తల్లి ఆ సమావేశంలో పిల్ల నోట్‌బుక్ తిప్పి చూసి ఏమీ అడగలేక ఇచ్చేస్తుంది. పాఠం మొదలుపెట్టిన రోజు గీసిన పటం, పాఠం అయ్యాక పుస్తకం మూసి గీసిన పటం పక్కపక్కన పెట్టి, పిల్లతోనే తెలుగులో వివరించమంటే ఆ తల్లి ప్రశ్నలు వేయగలుగుతుంది. మొదటిదానిలో మూడు గుండ్రాలు, రెండోదానిలో తొమ్మిది, కొట్టేసిన ఒక బాణం, దాని స్థానంలో వచ్చిన కొత్త బాణం, ఇవి ఆమెకు అక్షరాలు రాకపోయినా కనిపిస్తాయి. ఆ రెండు కాగితాలను తేదీ వేసి పిల్ల ఫైల్లో దాచి, పై తరగతి టీచర్‌కు అందజేయడానికి బడికి అదనంగా ఏ బడ్జెటూ అక్కర్లేదు.